చెమ్మపొర

చైత్రమాసంలో తొలకరి వాసన వస్తే ఎక్కడైనా వింతగా చెప్పుకుంటారు. సుద్దమెట్టలో మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా, తెల్లవారేసరికి అప్పుడే నాలుగు చినుకులు పడి ఆగినట్టు ఊరంతా కమ్మటి మట్టి వాసన అలుముకుంటుంది. ఆ వాసనకి అందరి ముఖాలూ కాస్త విప్పారతాయి, ఒక్క రత్నాజీ ముఖం తప్ప. ఆయన ముఖం విప్పారడం మానేసి చాలాకాలమైంది. గనిలో తవ్వేవాడికి ఒళ్ళు అలుస్తుంది, ఎక్కడ తవ్వాలో చెప్పేవాడికి బుర్ర అలుస్తుంది అని ఆయన సిద్ధాంతం. ఆయనకి రెండూ అలిసిపోయాయి.

రత్నాజీ తెల్లమట్టి క్వారీకి మేనేజరు. మేనేజరంటే కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టే మనిషనుకునేరు. మెట్లుమెట్లుగా దిగే గనిలో ఏ మెట్టు ముందు తవ్వాలి, ఏది వర్షాకాలానికి అట్టేపెట్టాలి, అడుగున ఊరే నీటిని ఏ మూలకి మళ్ళించాలి, పాలలా తెల్లగా ఉండే ఆ నీటిని ఎక్కడ నిలవబెట్టి, తేరుకున్నాక వాగులోకి వదలాలి, టిప్పర్లు ఏ దారిన పోతే ఊరి మీద దుమ్ము పడకుండా ఉంటుంది, ఇదంతా ఆయన నెత్తిమీదే. అన్నీ ఎలాగో కుదిరేవి గానీ ఆ చివరిది మాత్రం కుదిరి చచ్చేది కాదు. ఎటు తిప్పినా దుమ్ము ఊరి మీదే పడేది. జీడిమామిడి పూత మాడిపోయేది. ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కోవలసి వచ్చేది. దుమ్ము అణగాలంటే దారి తడపాలి, దారి తడపాలంటే ఊరి బోర్లు తోడాలి. ఎండాకాలం వస్తే చాలు, ఆడవాళ్ళు ఖాళీ బిందెలు పట్టుకొచ్చి ట్యాంకరుకి అడ్డంగా కూర్చునేవారు. దుమ్ము కావాలా దాహం కావాలా అని ఊరిని అడిగే ఉద్యోగం చేస్తున్నానని ఆయన తనని తానే తిట్టుకునేవాడు.

ఆ తిట్టుకోవడాన్ని మాన్పించింది ఎస్తేరు. బాపట్ల వైపు మనిషి, నేలలోని సూక్ష్మజీవుల మీద చదువుకున్నది. క్వారీ పక్కనే రేకుల షెడ్డులో చిన్న ప్రయోగశాల పెట్టుకుని, పెళ్ళీ పెటాకులూ లేకుండా, మామూలు మట్టిలో ఉండే ఒక జీవిని ఏళ్ళ తరబడి సాకింది. దాన్ని నీళ్ళలో కలిపి గని గోడల మీదా, టిప్పర్ల దారిలోనూ ఒక్కసారి చల్లితే చాలు. బూడిద రంగులో సన్నటి పొరలా అల్లుకుపోతుంది. తెల్లవారుజామున గాలిలో ఉన్న తేమని తాగేసి, పగలంతా దాన్ని వదలకుండా దాచుకుంటుంది. మట్టి రేణువుల్ని ఒకదానికొకటి అంటించి పట్టుకుంటుంది. ఆవిడ దానికి నోరు తిరగని పేరేదో పెట్టింది గానీ కూలీలు చెమ్మపొర అన్నారు, ఆ పేరే నిలిచింది.

ఆ పొద్దున కూడా రత్నాజీ అలవాటుగా వంగి దారి మీద అరచెయ్యి ఆనించాడు. నిప్పులు చెరిగే ఎండ కాబోతున్న రోజు. అయినా చెయ్యి తడిగా లేచింది. పక్కనుంచి నిండు టిప్పరు ఒకటి పోయింది, వెనక పిడికెడు దుమ్ము కూడా లేవలేదు. ఊరి బోర్లు ఊరివే అయిపోయాయి. అంతకంటే పెద్ద సంగతి, పదేళ్ళుగా ఆయన భార్య మంగతాయారు ఛాతీలో కాపురం పెట్టిన పిల్లికూతలు నిరుడు పోయాయి. ఆ ఒక్కదానికే ఎస్తేరు కాళ్ళకి దండం పెట్టొచ్చని ఆయన అనుకునేవాడు, పైకి మాత్రం అనలేదు.

పై నుంచి మూడో మెట్టు దగ్గర ఆగి, గోడలోంచి పెరుగుగడ్డలాంటి తెల్లటి సుద్ద పెళ్ళ ఒకటి విరిచి టిఫిన్ క్యారియర్ పై గిన్నెలో పెట్టుకున్నాడు. ఎస్తేరు చూసి నవ్వింది.

"మళ్ళీ ఇంటికేనా అండీ?"

"మా ఆవిడ తెమ్మందండి, తులసికోటకి పూయడానికి. మామూలు సుద్ద అయితే నాలుగు రోజులకే నెర్రెలిచ్చేత్తందంట."

"మా పొర అంటుకున్న పెళ్ళే ఏరుకున్నారుగా! ఇంక మీ కోట జన్మలో ఎండదు, చూస్కోండి."

ఆయన కూడా కాస్త నవ్వినంత పని చేశాడు.

ఇంట్లో ఆయన కూతురు భువన పురిటికి వచ్చి ఉంది. వచ్చినప్పుడు బాగానే ఉంది. సుద్దమెట్ట నీళ్ళు పడలేదో ఏమో, వచ్చిన దగ్గర్నుంచీ రోజురోజుకీ పాలిపోతోంది. మెట్లెక్కితే ఆయాసం, కూర్చుని లేస్తే కళ్ళు తిరగడం. రక్తం తక్కువగా ఉందని పట్నం డాక్టరమ్మ ఇనుము మాత్రలు రాసింది. తాయారు బెల్లం, నువ్వులు, మునగాకు ఏది మంచిదంటే అది పెడుతూనే ఉంది. అయినా రక్తం పెరగడం లేదు సరికదా, తగ్గుతోంది.

వారం తిరక్కుండానే తాయారు మళ్ళీ సుద్ద తెమ్మంది.

"మొన్ననేగా తెచ్చాను?" అన్నాడు రత్నాజీ.

"కోట చుట్టూ అరుగుందిగదండీ, దానికీ పూద్దారని."

"కోటకి పూత్తన్నావా, కోట కడతన్నావా?"

"తెమ్మంటే తెత్తారు గానీ, దానికి ఇన్ని ఆరాలా! మంచిది చూసి తెండి. ఇసక తగలకుండా."

ఇసక తగలకుండా ఉండటం తులసికోటకి ఎందుకో ఆయన అడగలేదు. అలిసిపోయిన మనిషి ఇంట్లో ఎక్కువ ప్రశ్నలు వెయ్యడు. మర్నాడు మరింత శ్రద్ధగా, నునుపైన పెళ్ళ చూసి మరీ తెచ్చిచ్చాడు. ఆ తర్వాతా తెచ్చాడు. గనిలో ఏ పొర మేలిమిదో ఆయన కంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు గనక.

ఎనిమిదో నెల వచ్చాక పట్నం తీసుకెళ్తే డాక్టరమ్మ ముఖం మాడ్చుకుంది. భువనని బయట కూర్చోబెట్టి రత్నాజీని లోపలికి పిలిచింది.

"మీ అమ్మాయి మాత్రలు మింగుతోందా, పారేస్తోందా?"

"మా ఆవిడ దగ్గరుండి మింగిత్తందండి."

"అయితే ఆ ఇనుమంతా ఎక్కడికి పోతోంది? ఇలాగే ఉంటే కాన్పులో తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. ముందే చెప్తున్నాను. రక్తం ఎక్కిస్తాను, కానీ చిల్లు కుండలో పోస్తే ఏం లాభం? ఆ చిల్లేమిటో చూడండి."

తిరుగు ప్రయాణంలో క్వారీ మలుపు దగ్గరికి వచ్చేసరికి భువన జీపు అద్దం దింపింది. సాయంత్రం చల్లబడి, పొర మళ్ళీ వాసన వేస్తోంది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చింది. గొంతు కదిలింది. ఇంకోసారి కదిలింది. నోట్లో ఊరిన నీళ్ళు మింగుతోందని రత్నాజీకి అర్థమైంది. చింతకాయ చూసిన పిల్లలు మింగుతారే, అలాగ.

ఇంటికి రాగానే తిన్నగా వంటింట్లోకి వెళ్ళాడు. పొయ్యి పక్కన పెనం ఉంది. పెనం మీద అప్పచ్చుల్లా పల్చగా చీరిన తెల్ల సుద్ద ముక్కలు, దోరగా వేగి ఉన్నాయి.

"ఏవిటే ఇది?"

తాయారు కాసేపు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. తర్వాత తప్పించుకోవడం కుదరదని తలెత్తింది.

"దానికి మట్టి మీద మనసు పోతందండి. ఎంతమంది కడుపుతో ఉన్నోళ్ళకి ఉండదు? నోరు తెరిచి అడిగితే లేదంటానేటి? అడిగింది పెట్టకపోతే పుట్టేబిడ్డకి చెవిలో చీము కారుద్దంటారు. భువన కడుపులో ఉన్నప్పుడు నేను తినలేదా? మా అమ్మే వేయించి పెట్టింది. నాకేవైంది?"

"నువ్వు తిన్నది ఉత్త మట్టే తాయారూ."

"ఇదేటి మరి?"

తను ఏరి ఏరి తెచ్చిన మేలిమి పెళ్ళలు ఎదురుగా ఉన్నాయి. తులసికోట మీద ఆయనకి అంత భక్తి ఎప్పుడూ లేదు. తన కూతురికి తనే టిఫిన్ క్యారియర్లో పెట్టి మోసుకొచ్చాడు.

భువన గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పెదవులు సుద్ద రంగులోనే ఉన్నాయి.

"అమ్మనేం అనకు నాన్నా. మానేద్దారని రెండు రోజులు చూశాను. పొద్దున్నే ఆ వాసన వచ్చేసరికి ఏడుపొచ్చేత్తంది. అన్నం చూత్తే కడుపులో తిప్పుతంది, అది నోట్లో ఏసుకుంటేనే ప్రాణం కుదుటపడతంది. మా ఆయనకి చెప్పకండి. నవ్వుతారు."

రత్నాజీ పెనం మీద ముక్కల్ని కాగితంలో పొట్లం కట్టుకుని ఎస్తేరు షెడ్డుకి నడిచాడు.

ఆవిడ పొట్లం విప్పి చూసి, విషయం విని, వేయించిన ముక్కని పగలగొట్టి లోపలి మట్టి తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. పైన మాడినా లోపల పొర బతికే ఉంది. అప్పుడు లేచి, ఓ మూల ఉన్న తడిమట్టి డబ్బాలోంచి పిడికెడు తీసి పెద్ద గాజు పళ్ళెంలో ఒక పక్కన పోసింది. అందులో నలుసులంతేసి తెల్లపురుగులు గెంతుతున్నాయి. పళ్ళేనికి ఇటు చివర మామూలు మట్టి కొంచెం, అటు చివర చెమ్మపొర కొంచెం పెట్టింది.

"చూడండి" అంది.

పురుగులు కాసేపు తచ్చాడాయి. తర్వాత పిలిచినట్టు అన్నీ చెమ్మపొర వైపే తిరిగాయి. ఒకదాని మీద ఒకటి పడుతూ వెళ్ళి తినడం మొదలుపెట్టాయి.

"తొలకరి వాసన మనకోసం కాదండీ. మట్టిలో ఉన్న ఈ జీవి అది పుట్టించేది వీటికోసం. రండి, నన్ను తినండి అని పిలవడం అది. ఇవి తిని పోయిన చోటల్లా దాన్ని విత్తుకుంటూ పోతాయి. దానికి కాళ్ళు లేవు కదా, మోసేవాళ్ళు కావాలి."

"మీరు పెంచింది తేమ పట్టే గుణాన్ని కదండీ?"

"అవును. అదీ వాసనా ఒకే దారంతో కుట్టినవని నాకు తెలియలేదు. ఒకటి లాగితే రెండోదీ వచ్చింది. వాసన పెరిగితే పొర బాగా పట్టిందనుకుని సంతోషించాను." ఆవిడ వేయించిన ముక్కని పక్కకి జరిపింది. "ఎదగడానికి దానికి ఇనుము కావాలి. బండలోంచే లాక్కుంటుంది, ఇక కడుపులోంచి లాక్కోవడం ఎంత? పురుగుల్ని పిలుస్తుందని చదివాను గానీ, ఆడపిల్లల్ని పిలుస్తుందని నాకు తట్టలేదండీ. కడుపుతో ఉంటే మట్టి మీద మనసు పోతుందని మా ఇంట్లో కూడా అనేవారు. చిన్నప్పట్నుంచీ విన్న మాటే. అయినా తట్టలేదు."

రత్నాజీ పళ్ళెం వైపు చూస్తూ కూర్చున్నాడు. మోసేవాళ్ళు కావాలి. ఆ మాట ఆయన చెవిలోనే ఉండిపోయింది.

"వాసన లేకుండా చెయ్యలేరా?"

"వాసన తీసేస్తే తేమ పట్టదు. అప్పుడది మామూలు మట్టే. సున్నం చల్లితే చస్తుంది, అదొక్కటే తెలుసు నాకు." ఆవిడ పళ్ళెం మీద మూత పెట్టింది. "చల్లితే మీకు దుమ్మొస్తుంది. మళ్ళీ ట్యాంకర్లు కావాలి."

"తెలుసండి."

"తాయారుగారి ఛాతీ..."

"తెలుసండి" అన్నాడు మళ్ళీ.

కంపెనీ పెద్దలకి ఫోన్ చేస్తే వాళ్ళు చాలా శాంతంగా విన్నారు. దుమ్ము లేని గని అని నలుగురికీ చూపించుకుంటున్న గని అది. మట్టి తినొద్దని బోర్డులు పెట్టమన్నారు, చుట్టూ ఎత్తుగా కంచె వేయమన్నారు. "వాసనకి కంచె వేసే ప్లాను నాకు రాదండి" అని రత్నాజీ ఫోన్ పెట్టేశాడు. గనిని ఎలా తవ్వాలో నిర్ణయించేది కాగితం మీద ఆయనే, ప్రమాదం ఉంటే ఆపే అధికారమూ ఆయనదే. కానీ ఊరు ఒప్పుకోకుండా దుమ్ముని మళ్ళీ ఊరి మీదికి వదిలే ధైర్యం ఆయనకి లేకపోయింది.

ఆదివారం పొద్దున స్కూలు వరండాలో ఊరిని కూర్చోబెట్టాడు. ముందు వరసల్లో మగవాళ్ళు, వెనక స్తంభాలకి ఆనుకుని ఆడవాళ్ళు. ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పడం పూర్తికాకుండానే సర్పంచి ఏడుకొండలు లేచాడు.

"అంటే ఏటండీ, మళ్ళీ మా బోర్లు తోడేత్తారా? రెండేళ్ళయ్యింది మా ఇంట్లో బిందె గొడవ లేక. మా జీడితోట పూత నిలబడింది. ఇప్పుడొచ్చి సున్నం కొడతానంటే ఎలాగండి?"

"బోర్లు ముట్టుకోనండి. గనిలో ఊరే నీళ్ళే తేరబెట్టి దారి తడుపుతాను. అవి చాలవు కాబట్టి తవ్వకం సగానికి తగ్గిత్తాను. ఎండలు ముదిరితే ఆపేత్తాను."

"మరి పనోళ్ళో?" అన్నాడు వెనకనుంచి ఒకడు. రత్నాజీ సగం మందికి పని ఉండదని చెప్పాడు. వరండా అంతా గోలైపోయింది.

"అసలు మట్టి ఎవరు తింటన్నారండీ మా ఊళ్ళో?" ఏడుకొండలు గొంతు పెంచాడు. "అన్నం లేకనా? మా ఆడోళ్ళని అంత మాటంటారా? ఏమ్మా, ఎవరైనా తింటన్నారా? చెప్పండి!"

ఆడవాళ్ళెవరూ పలకలేదు. పలకరని రత్నాజీకి తెలుసు. మట్టి తినడం అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ ఒప్పుకోని సంగతి. అత్తకి తెలియకుండా, మొగుడికి తెలియకుండా కొంగున ముడేసుకుని తినేది. నిండు సభలో నేను తిన్నానని ఎవతె చెబుతుంది? ఆయన వెనక వరసలోకి చూశాడు. అక్కడ తాయారు పక్కన భువన కూర్చుని ఉంది. తల అడ్డంగా ఊపింది. వద్దు నాన్నా అన్నట్టు.

ఆయన చూపు తిప్పుకున్నాడు.

"మా అమ్మాయి తిందండి" అన్నాడు. "నేనే తెచ్చిపెట్టాను. అడిగినప్పుడల్లా గనిలోంచి మంచిది ఏరి, టిఫిన్ క్యారియర్లో పెట్టుకుని పట్టికెళ్ళాను. ఇప్పుడు దాని ఒంట్లో రక్తం లేదు. కాన్పులో ఏవవుద్దో తెలీదు. మీ ఇళ్ళల్లో పిల్లలు పాలిపోయారేమో మీరే చూసుకోండి. నేను చూసుకోలేదు."

గోల అణిగిపోయింది. భువన కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆయనకి అక్కడే భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. కూతుర్ని పదిమందిలో పెట్టాడు, ఇక ఆ పిల్ల తనని క్షమిస్తుందో లేదో.

అప్పుడు స్తంభం పక్కనుంచి ఓ మనిషి లేచింది. పైడమ్మ అని, ఏడుకొండలు సొంత కోడలే. అయిదో నెల. ఏమీ మాట్లాడకుండా ముందుకొచ్చి, కొంగు ముడి విప్పి, తెల్లటి పెళ్ళ ఒకటి బల్ల మీద పెట్టి, మామగారి వైపు చూడకుండా వెనక్కి వెళ్ళిపోయింది. తర్వాత ఇంకొకామె. బొడ్లో సంచి విప్పి ఒకావిడ, జాకెట్లోంచి ఒకావిడ. కడుపుతో ఉన్నవాళ్ళు కొందరు, కానివాళ్ళూ ఉన్నారు. అందులో ఇద్దరు ముసలమ్మలు. బల్ల మీద పెళ్ళలు పోగు పడ్డాయి. ఎండ పడి వాటినుంచి వాసన లేచింది. వరండాలో చాలామంది గుటక వేయడం రత్నాజీకి వినిపించింది.

ఏడుకొండలు కూర్చుండిపోయాడు. "కొట్టండి బాబూ, సున్నం కొట్టేయండి" అన్నాడు నేలకేసి చూస్తూ.

సున్నం కొట్టడానికి నెల పట్టింది. గని గోడలన్నిటి మీదా, దారుల మీదా, నీళ్ళ గుంటల గట్ల మీదా పంపులతో చల్లారు. పనివాళ్ళ బట్టలు సున్నపు నీళ్ళలో ముంచి ఉతికించారు. ఎస్తేరు దగ్గరుండి చల్లించింది. బూడిద రంగు పొర పెచ్చులు లేచి రాలిపోతుంటే చెయ్యి పెట్టి తడిమి చూసింది, అంతే, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. ఆఖరున షెడ్డులో ఉన్న సీసాలన్నీ తనే సున్నపు తొట్టిలో పోసి, ఓ రోజు మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయింది. రత్నాజీ బస్టాండు దాకా వెళ్ళి పెట్టె ఎక్కించాడు.

దుమ్ము మళ్ళీ వచ్చింది. కొత్త ప్లాను ప్రకారం గని సగమైంది, అయినా వచ్చింది. పని పోయినవాళ్ళు రత్నాజీ ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోయేవారు. తాయారు ఛాతీలో పిల్లికూతలు పాత కాపురానికి తిరిగొచ్చాయి. రాత్రిళ్ళు గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఒక్కరోజు కూడా ఆయన్ని ఏమీ అనలేదు. అంటే బాగుండునని ఆయనకి ఉండేది.

వాసన పోయిన కొత్తలో భువన పిచ్చిదానిలా అయిపోయింది. అన్నం కంచం తోసేసేది, గోడకేసి తిరిగి పడుకునేది, తండ్రితో మాట్లాడేది కాదు. తర్వాత మెల్లగా తినడం మొదలుపెట్టింది. రక్తం ఎక్కించారు. ఈసారి అది నిలబడింది. కాన్పు కష్టమైంది గానీ దాటింది. మగపిల్లాడు, గుప్పెడంత ఉన్నాడు, ఏడుపు మాత్రం వీధి చివరికి వినిపించింది. డాక్టరమ్మ బయటికొచ్చి ఇద్దరూ బాగున్నారని చెప్పినప్పుడు రత్నాజీ ఆసుపత్రి బల్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. భువన అప్పుడు పిలిచి, "నాన్నా, వీణ్ణి ఎత్తుకో" అంది. ఆ ఒక్క మాటతో ఆయన ప్రాణం లేచొచ్చింది.

ఆ ఏడు ఆరుద్ర కార్తెలో అసలు తొలకరి పడింది. ఊళ్ళో ఎవరూ వాకిట్లోకి రాలేదు. వీధి పొడుగునా టపటపా కిటికీలు మూసుకున్నాయి. పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని భువన కొంగుతో ముక్కు మూసుకుని కూర్చుంది. ఏటా ఎదురుచూసే వాసన అది. దాన్ని ఊరికి లేకుండా చేశామని రత్నాజీకి అప్పుడు తెలిసింది.

పిల్లాడికి అయిదో నెల రాగానే భువన అత్తారింటికి వెళ్ళి, మళ్ళీ మాఘమాసంలో నాలుగు రోజులుండి పోదామని వచ్చింది. పిల్లాడు పాకుతున్నాడు. పట్టుకుంటే ఆగడు. మామూలుగా పెరగాల్సినంత పెరగలేదు, కాస్త తెల్లగా పాలిపోయి ఉంటాడు, పుట్టడమే గుప్పెడంత పుట్టాడు కదా అని అందరూ సర్ది చెప్పుకున్నారు. వచ్చినరోజు నుంచీ వాడికి ఇంట్లో బొమ్మలు అక్కర్లేదు. దింపితే చాలు, పెరట్లోకే పాకిపోయేవాడు.

మూడో రోజు సాయంత్రం రత్నాజీ గని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. తాయారు, భువన అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. పిల్లాడు తులసికోట మొదట్లో కూర్చుని, కోటకి రెండు చేతులూ ఆనించి, మొహం గోడకి ఆన్చి ఉన్నాడు.

"చూడండి, మీ మనవడు! పొద్దస్తమానూ ఆ కోటనే వాటేసుకుంటన్నాడు. పెద్దయితే పెద్ద భక్తుడవుతాడు" అంది తాయారు దగ్గు మధ్యలో నవ్వుతూ.

రత్నాజీ దగ్గరికెళ్ళాడు. పిల్లాడు కోటని ముద్దు పెట్టుకోవడం లేదు. నాకుతున్నాడు. నాకిన మేర సుద్ద అరిగి, నున్నగా, తడిగా మెరుస్తోంది. చుట్టూ గోడ బూడిద రంగులో ఉంది. ఏడాదిగా పొద్దున్నే స్నానం చేసి తాయారు దానికి చెంబుడు నీళ్ళు పోసి దండం పెట్టుకుంటూనే ఉంది. పెరట్లో వాసన వస్తే, నీళ్ళు పోస్తే మట్టి వాసన రాదా అనుకున్నారు. సాకు నిజమనిపించడానికి తాయారు ఒకటి రెండు పెళ్ళలు కోటకి పూసింది కూడా, కానీ గనినంతా గీకి సున్నం కొట్టించిన మనిషికి తన పెరట్లో ఉన్నది గుర్తు రాలేదు.

ఆయన పిల్లాణ్ణి ఎత్తుకున్నాడు. "ఏదీ, నోరు తెరు" అన్నాడు.

వాడు కిలకిలా నవ్వి నోరు తెరిచాడు. కొత్తగా వచ్చిన రెండు పళ్ళ మీదా, చిగుళ్ళ మీదా తెల్లటి సుద్ద. వాడి ఊపిరిలోంచి తొలకరి వాసన వచ్చింది.

తాయారు నవ్వు ఆగిపోయింది. చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. రత్నాజీ పిల్లాడి నోరు కడిగి భువనకి అందించి, పెరటి కొట్టంలోకి వెళ్ళి, గోనె అడుగున మిగిలిన సున్నం బకెట్లో పోసి కలిపాడు. తాయారు లేచి వెళ్ళి పాత చీపురుకట్ట తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన వంగి, నడుం నొప్పి పెడుతుంటే ఒక చెయ్యి మోకాలికి ఆనించుకుని, కోటకి సున్నం కొట్టడం మొదలుపెట్టాడు. సున్నం తగిలినచోటల్లా తడి చుయ్ మని, వాసన ఒక్కసారిగా గుప్పుమంది.

పిల్లాడు తల్లి చంకలోంచి కోట వైపు రెండు చేతులూ చాచి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. భువన వాణ్ణి గట్టిగా అదుముకుని మొహం అటు తిప్పేసుకుంది. మొహం తిప్పుకుంది గానీ, ఆమె గొంతు గుటక వేయడం రత్నాజీకి కనిపించింది.

ఆయన మళ్ళీ చీపురు బకెట్లో ముంచాడు.